అమెరికాలో ఉద్యోగం నిరాకరించడానికి మీ జాతే కారణమని అనుమానం వస్తే ఏం చేయాలి

అమెరికాలో ఉద్యోగానికి దరఖాస్తు చేసి, రెండు మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు పూర్తి చేసి, చివరికి తిరస్కరణకు గురైన అభ్యర్థి చేతికి వచ్చేది సాధారణంగా నాలుగు ముక్కల ఈమెయిలు మాత్రమే. “మా అవసరాలకు మరింత సరిపోయే అభ్యర్థిని ఎంపిక చేసుకున్నాము” అన్న ఆ వాక్యం వెనుక ఎవరు ఏమన్నారో, ఎవరితో పోల్చారో, ఫైలులో ఏ కారణం రాసుకున్నారో తెలుసుకునే వీలు అతనికి ఉండదు. ఉద్యోగంలో ఉన్నవారికి వివక్ష ఎదురైతే సాక్ష్యం చెప్పగల సహోద్యోగులు, పనితీరు నివేదికలు, ఏళ్ల తరబడి పోగుపడిన ఈమెయిళ్లు ఉంటాయి. గుమ్మం దగ్గరి నుంచే వెనుదిరిగినవారికి అవేవీ ఉండవు. అందువల్ల నియామక దశలో జరిగిన జాతి వివక్షపై ఫిర్యాదు నిలబడాలంటే అభ్యర్థికి కలిగిన బాధ ఎంతటిదన్న దానికంటే, అతని దగ్గర తేదీలతో సహా ఏ కాగితాలున్నాయి, తనతో పోల్చి చూపడానికి ఎవరున్నారు అన్న రెండు విషయాలే ముఖ్యమవుతాయి. ఆ రెండింటినీ ఎలా సమకూర్చుకోవాలో, ఎక్కడికి, ఎప్పటిలోగా తీసుకువెళ్లాలో ఈ వ్యాసంలో చూద్దాం. ఇది సాధారణ సమాచారం మాత్రమే. మీ కాగితాలు చూసి న్యాయవాది చెప్పే మాట దీనికంటే ఎప్పుడూ మెరుగైనదే.

తమకు వచ్చిన అనుమానం అతిగా ఆలోచించడం వల్లనేమోనని చాలామంది తమకు తామే సర్దిచెప్పుకుంటారు. అలా సర్దుకుపోయే ముందు ఒక విషయం గమనించాలి. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో పత్రికల్లో వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 కల్పిత రెజ్యూమెలు పంపి, 2004లో ఫలితాలు ప్రచురించారు. అర్హతలు సమానంగా ఉంచి, కొన్నిటికి ఎమిలీ, గ్రెగ్ వంటి తెల్లజాతివారిలో వాడుకలో ఉన్న పేర్లు, కొన్నిటికి లకీషా, జమాల్ వంటి నల్లజాతివారిలో వాడుకలో ఉన్న పేర్లు పెట్టారు. మొదటి రకం పేర్లకు సుమారు పది రెజ్యూమెలకు ఒక పిలుపు వస్తే, రెండో రకానికి పదిహేనింటికి ఒకటి వచ్చింది. తరువాత ప్యాట్రిక్ క్లైన్, ఇవాన్ రోజ్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు వందకు పైగా పెద్ద కంపెనీలకు దాదాపు 83,000 దరఖాస్తులు పంపి చేసిన పరిశీలనలో రెండు రకాల పేర్లకు వచ్చిన పిలుపుల మధ్య సగటు తేడా 2.1 శాతం పాయింట్లుగా తేలింది. అయితే ఆ తేడా అన్ని కంపెనీల్లో సమానంగా లేదు, కొద్ది కంపెనీలలోనే ఎక్కువగా పోగుపడి ఉంది. అంటే మీ అనుమానం నిజం కావచ్చు, కాకపోవచ్చు కూడా. ఏదన్నది నిర్ణయించేది ఆ ఒక్క కంపెనీలో, ఆ ఒక్క పోస్టు విషయంలో ఏం జరిగిందన్నదే.

ఏ చట్టం, ఎవరికి

ప్రధానమైన చట్టం 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని టైటిల్ సెవెన్. జాతి, శరీర వర్ణం, మతం, లింగం, మూలదేశం అన్న అయిదింటి ఆధారంగా ఉద్యోగం నిరాకరించడాన్ని అది నిషేధిస్తుంది. 15 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. జాతి, వర్ణం వేరువేరు అంశాలన్నది మనవాళ్లు తరచుగా మరిచిపోయే సంగతి. ఒకే జాతికి చెందిన ఇద్దరిలో చామనఛాయ అభ్యర్థిని కాదని తెల్లని ఛాయ ఉన్నవారిని తీసుకుంటే అదీ ఫిర్యాదు చేయదగినదే. మతం, లింగం, మూలదేశం విషయంలో “ఈ పనికి ఆ లక్షణం తప్పనిసరి” అని చెప్పుకోవడానికి యజమానికి చట్టం చిన్న సందు వదిలింది కానీ, జాతి, వర్ణం విషయంలో ఆ సందు కూడా లేదు. “మా కస్టమర్లు ఒప్పుకోరు” అన్న సమాధానం న్యాయస్థానంలో చెల్లదు.

రెండోది, అంతకు ఒక శతాబ్దం ముందు, బానిసత్వం రద్దయిన వెంటనే 1866లో వచ్చిన పౌరహక్కుల చట్టం. నేడు సెక్షన్ 1981గా పిలిచే ఆ నిబంధన కాంట్రాక్టు చేసుకునే హక్కు అన్ని జాతులవారికీ సమానమంటుంది. ఉద్యోగం కూడా కాంట్రాక్టే. దీనికి ఉద్యోగుల సంఖ్య పరిమితి లేదు, ముందుగా ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేయాలన్న షరతూ లేదు. వంశమూలం, జాతి లక్షణాల వల్ల జరిగే వివక్ష కూడా దీని కిందికి వస్తుందని 1987లో సుప్రీంకోర్టు ఒక అరబ్బు సంతతి అధ్యాపకుడి కేసులో చెప్పింది. అయితే జాతి కారణం కాకపోయి ఉంటే ఉద్యోగం వచ్చి ఉండేదని వాది నిరూపించవలసిందేనని 2020లో అదే కోర్టు స్పష్టం చేసింది కాబట్టి, ఈ దారి వెడల్పుగా కనిపించినా నడక తేలిక కాదు.

రాష్ట్ర చట్టాలు చాలాచోట్ల మరింత ఉదారంగా ఉన్నాయి. కాలిఫోర్నియాలో 5 మంది ఉద్యోగులుంటే చాలు. న్యూయార్క్ రాష్ట్రంలో సంఖ్యతో నిమిత్తమే లేదు. చిన్న కంపెనీ కదా, చట్టం వర్తించదని వదిలేయకుండా ముందు మీ రాష్ట్ర చట్టం చూడాలి.

కన్సల్టెన్సీల ద్వారా, వెండర్ల ద్వారా ప్రాజెక్టులకు వెళ్లే మనవారికి ఇంకొక విషయం తెలిసి ఉండాలి. ఉద్యోగాలు చూపించే ఏజెన్సీలకు టైటిల్ సెవెన్ వాటి పరిమాణంతో నిమిత్తం లేకుండా వర్తిస్తుంది. ఎండ్ క్లయింటు, అంటే చివరికి పని చేయించుకునే కంపెనీ, “ఫలానా జాతివారిని పంపవద్దు” అని నోటిమాటగా చెప్పి, మధ్యలో మనుషులను సరఫరా చేసే వెండరు దానిని తు.చ. తప్పకుండా అమలు చేస్తే, ఆ బాధ్యత క్లయింటు మీదకు నెట్టేసి వెండరు తప్పించుకోలేడు. ఈ చట్టం మనవారు నియమించే స్థానంలో ఉన్నప్పుడు కూడా ఇంతే కచ్చితంగా పనిచేస్తుంది. భారతీయులు కానివారిపై వివక్ష చూపిందన్న కేసులో ఒక పెద్ద ఐటీ సేవల సంస్థను 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ జ్యూరీ తప్పుపట్టింది. ఇంటర్వ్యూలో ఇంటిపేరు, ఊరు ఆరా తీసి కులం పసిగట్టే అలవాటును మనం పరిచయ సంభాషణ అని పిలుచుకుంటాం కానీ, సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నేరుగా పేరు పెట్టి నిషేధించింది.

అన్యాయం వేరు, చట్టవిరుద్ధం వేరు

ఫిర్యాదుకు ముందు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఇంటర్వ్యూ చేసినవారు మర్యాద లేకుండా మాట్లాడవచ్చు, మీకంటే తక్కువ అనుభవం ఉన్న స్నేహితుడి తమ్ముడికి ఉద్యోగం ఇవ్వవచ్చు, చెప్పిన సమయానికి ఫోన్ చేయకపోవచ్చు. ఇవన్నీ చెడ్డ పద్ధతులే కానీ, వాటి వెనుక జాతి లేకపోతే ఈ చట్టాల కిందికి రావు.

ఎక్కువమంది పొరబడేది వీసా విషయంలో. “మీకు అమెరికాలో పనిచేసే చట్టబద్ధమైన అనుమతి ఉందా, ఇప్పుడు గానీ ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా” అన్న ప్రశ్న చట్టబద్ధమైనదే. అవసరమవుతుందని చెప్పినందుకు హెచ్‌-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసా ఉన్నవారిని, ఓపీటీలో (చదువు తరువాత విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతిలో) ఉన్నవారిని పక్కన పెట్టినంత మాత్రాన అది జాతివివక్ష కాదు. పౌరసత్వాన్ని బట్టి నిరాకరించడం మూలదేశాన్ని బట్టి నిరాకరించడంతో సమానం కాదని సుప్రీంకోర్టు 1973లో ఎస్పినోజా కేసులో చెప్పింది. ఇమిగ్రేషన్ చట్టంలో పౌరసత్వ వివక్షపై వేరే నిషేధం ఉన్నప్పటికీ, దాని రక్షణ ప్రధానంగా పౌరులకు, ఇటీవల గ్రీన్‌కార్డు పొందినవారికి, శరణార్థులకు మాత్రమే. అయితే అదే కంపెనీ ఐరోపా దేశాలవారికి స్పాన్సర్ చేస్తూ భారతీయులకు మాత్రం కుదరదంటే కథ మారుతుంది. అప్పుడు వీసా అన్నది సాకు. తాత్కాలిక వీసా మీద ఉన్నంత మాత్రాన జాతివివక్షపై ఫిర్యాదు చేసే హక్కు పోదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

యాస మరొక చిక్కుముడి. పనికి నిజంగా అడ్డం వచ్చే స్థాయిలో మాట అర్థం కాకపోతేనే యాసను కారణంగా చూపవచ్చు. ఏదో పరాయి యాస అనిపించిందన్నది చాలదు. వినడానికి ఇది అభ్యర్థికి అనుకూలంగా ఉన్నా, ఆచరణలో గీత ఎక్కడ పడుతుందో మాన్యుయెల్ ఫ్రగాంటే కేసు చూపుతుంది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఆయన హొనలులు మోటారు వాహనాల శాఖలో గుమస్తా ఉద్యోగానికి రాత పరీక్ష రాసి, 721 మందిలో ప్రథముడిగా నిలిచారు. కొద్ది నిమిషాల ఇంటర్వ్యూ తరువాత యాస కారణంగా ఆయనను తీసుకోలేదు. కౌంటరు దగ్గర రోజంతా ప్రజలతో మాట్లాడవలసిన పని అన్న కారణంతో 1989లో అప్పీలు కోర్టు కూడా నగరపాలక సంస్థ పక్షానే తీర్పు చెప్పింది. నా దృష్టిలో ఆ తీర్పు ఇంటర్వ్యూ చేసినవారి చెవులను అవసరానికి మించి నమ్మింది. ఏమైనా, యాస ప్రస్తావన వస్తే మీరు గట్టిగా పట్టుకోవలసిన ఆధారం ఒకటుంది: ఇంతకుముందు ఉద్యోగంలో క్లయింట్లతో మాట్లాడిన, ప్రెజెంటేషన్లు ఇచ్చిన, శిక్షణ తరగతులు నడిపిన దాఖలాలు.

కొన్ని సందర్భాల్లో ఎవరికీ దురుద్దేశం లేకపోయినా నియమమే వడపోతగా మారుతుంది. ఉత్తర కరోలినాలోని డ్యూక్ పవర్ కంపెనీ టైటిల్ సెవెన్ అమలులోకి వచ్చిన 1965 జులై 2నే, అంతకుముందు నల్లజాతివారిని రానివ్వని విభాగాల్లో చేరడానికి రెండు రాత పరీక్షలు తప్పనిసరి చేసింది. హైస్కూలు డిప్లొమా షరతు అప్పటికే ఉంది. ఆ పరీక్షలకూ బొగ్గు పనికీ సంబంధమేమిటో కంపెనీ చూపలేకపోయింది. పనితో సంబంధం లేని అర్హత ఒక జాతివారిని ఎక్కువగా తోసివేస్తుంటే, ఉద్దేశం ఏదైనా అది చట్టవిరుద్ధమేనని 1971లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఈ రకం కేసులను ఫెడరల్ సంస్థలు వెనక్కి నెట్టాలని 2025 ఏప్రిల్‌లో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది కాబట్టి, ఇప్పుడు వీటికి ప్రభుత్వ సహాయాన్ని పెద్దగా ఆశించలేము. చట్టం మాత్రం అలాగే ఉంది, వ్యక్తులు కోర్టుకు వెళ్లవచ్చు.

ఇంటర్వ్యూ గదిలో

“మీరు అసలు ఎక్కడివారు”, “మీ పేరు పలకడం కష్టం, వేరే పేరేమైనా ఉందా”, “ఇంట్లో ఏ భాష మాట్లాడతారు” వంటి ప్రశ్నలు అడిగినంత మాత్రాన నేరం కాదు. కానీ ఆ తరువాత తిరస్కరణ వస్తే, అడిగినవారి మనసులో ఏముందో చెప్పే సాక్ష్యంగా అవి పనికివస్తాయి. ఆ క్షణంలో వాదన పెట్టుకోకుండా, “ఈ ఉద్యోగంలో ఆ విషయం ఎందుకు అవసరమవుతుందో చెబుతారా, దానికి తగినట్టు సమాధానమిస్తాను” అని నెమ్మదిగా అడగడం మేలు. సంబంధం ఉంటే వారు చెబుతారు. లేకపోతే మాట మార్చడమో, ఇంకాస్త తవ్వడమో చేస్తారు. రెండూ మీరు గుర్తుపెట్టుకోవలసినవే.

దరఖాస్తుతో పాటు జాతి వివరం అడిగే ఐచ్ఛిక పత్రం చూసి కంగారుపడనక్కరలేదు. 100 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు తమ సిబ్బంది వివరాలను జాతులవారీగా ప్రభుత్వానికి ఏటా నివేదించాలి. ఆ సమాచారాన్ని ఎంపిక చేసేవారికి చేరకుండా విడిగా ఉంచాలి. అది నింపకపోయినా మీకు నష్టం ఉండకూడదు. ఇంటర్వ్యూ చేసే వ్యక్తే నేరుగా అడిగితే మాత్రం ఆ మాట రాసిపెట్టుకోండి.

వీడియో ఇంటర్వ్యూను చాటుగా రికార్డు చేయాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో సంభాషణలో ఉన్న అందరి అనుమతి లేకుండా రికార్డు చేయడం నేరమే అవుతుంది. మీరు ఒక రాష్ట్రంలో, అవతలివారు మరో రాష్ట్రంలో ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. రికార్డింగు జోలికి పోకుండా, కలం మీదే ఆధారపడటం క్షేమం.

ఆ రాత్రే రాయవలసినది

ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే పాటిస్తామనే వారికి నేను చెప్పేది ఇదే: ఇంటర్వ్యూ అయిన రోజు నిద్రపోయే ముందు జరిగినదంతా రాసి, మీ సొంత ఈమెయిలుకు మీరే పంపుకోండి. అలా పంపితే తేదీ, సమయం దానంతట అదే పడుతుంది. నేను ఈ పని చేయక ఒకసారి నష్టపోయాను. ఇద్దరు కలిసి చేసిన ఇంటర్వ్యూలో ఒకరు “మీ దేశం వాళ్లకు మేనేజ్‌మెంట్ కంటే కోడింగే బాగా కుదురుతుంది కదా” అన్నారు. మూడు వారాల తరువాత తిరస్కరణ వచ్చి, ఆ మాట గుర్తుచేసుకోబోతే, అన్నది ఆ ఇద్దరిలో ఎవరో నాకే నిశ్చయంగా తెలియలేదు. నిర్ణయాధికారం ఉన్న మేనేజరు అన్నారా, కేవలం సాంకేతిక ప్రశ్నలు అడగడానికి వచ్చిన ఇంజనీరు అన్నారా అన్న తేడా మీదనే అటువంటి మాట బరువు ఆధారపడుతుంది. ఆ తేడా నేను చెప్పలేకపోయాను, విషయం అక్కడితో ముగిసింది.

రాసేటప్పుడు ఎవరెవరు ఉన్నారు, వారి హోదాలేమిటి, ఎన్ని గంటలకు మొదలై ఎంతసేపు సాగింది, ఏ ప్రశ్నకు ఏ సమాధానం ఇచ్చారు, అభ్యంతరకరమైన మాట ఏ సందర్భంలో ఎవరి నోట వచ్చింది అన్నవి అచ్చంగా వారి మాటల్లోనే, వారు మాట్లాడిన భాషలోనే రాయాలి. మీ అభిప్రాయాన్ని వేరే పేరాలో పెట్టండి. గుర్తులేని చోట గుర్తులేదనే రాయండి. ఆ నిజాయితీ తరువాత మిగతా నోటుకు విలువ తెస్తుంది.

దీనితోపాటు ఉద్యోగ ప్రకటనను పూర్తిగా, తేదీ కనిపించేలా పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ప్రకటనలు మాయమైపోతాయి, కొన్నిసార్లు అర్హతలు మారి తిరిగి వస్తాయి. మీరు పంపిన రెజ్యూమె ప్రతి, రిక్రూటరుతో జరిగిన ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, క్యాలెండరు ఆహ్వానాలు అన్నీ ఒక ఫోల్డరులో పెట్టండి. ఇవన్నీ సొంత ఖాతాలో ఉండాలి. ప్రస్తుత యజమాని ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో కాదు.

పోలిక

జాతి కారణమని ఎవరూ నోరు జారనప్పుడు కేసు ఎలా నిలబడుతుందన్న దానికి 1973లో మెక్‌డొనెల్ డగ్లస్ కేసులో సుప్రీంకోర్టు ఒక వరుస చెప్పింది. పెర్సీ గ్రీన్ అనే నల్లజాతి మెకానిక్ ఆ విమానాల తయారీ సంస్థలో తిరిగి ఉద్యోగం అడిగితే నిరాకరించారు. వాది ముందుగా నాలుగు సంగతులు చూపాలి: తాను జాతిపరంగా అల్పసంఖ్యాక వర్గానికి చెందినవాడు, ప్రకటించిన ఉద్యోగానికి అర్హతతో దరఖాస్తు చేశాడు, తిరస్కరించారు, ఆ తరువాత కూడా అవే అర్హతలున్నవారి కోసం వెతుకులాట సాగింది. అప్పుడు యజమాని జాతితో సంబంధం లేని కారణం చెప్పాలి. చివరికి ఆ కారణం సాకు మాత్రమేనని వాది చూపాలి. ఎక్కువ కేసులు గెలిచేదీ ఓడేదీ ఈ మూడో మెట్టు దగ్గరే.

సాకు అని చూపడానికి కావలసినది పోలిక. ఆ ఉద్యోగంలో చివరికి ఎవరు చేరారో కొన్ని వారాలకు లింక్డిన్‌లో సాధారణంగా కనిపిస్తుంది. వారి అనుభవం, చదువు, సర్టిఫికెట్లు ప్రకటనలో అడిగినవాటితో, మీవాటితో పక్కపక్కన పెట్టి చూడండి. ప్రకటనలో తప్పనిసరి అన్న అర్హత వారికి లేకపోతే అది బలమైన ఆధారం. వారికి మీకంటే ఎక్కువ అర్హత ఉంటే, ఎంత బాధగా ఉన్నా, అక్కడితో ఆగడం మంచిది. ఆ వ్యక్తికి సందేశాలు పంపి ఆరా తీయకండి. తప్పు వారిది కాదు, మీ కేసుకూ అది మంచిది కాదు.

తిరస్కరణ కారణాన్ని లిఖితంగా అడగడం కూడా ఈ పోలికలో భాగమే. “ముందుముందు మెరుగుపరుచుకోవడానికి, ఏ అర్హత విషయంలో నేను తగ్గానో తెలియజేయగలరా” అని రిక్రూటరుకు రెండు వాక్యాల ఈమెయిలు పంపండి. ఆరోపణ చేయకండి, జాతి మాట ఎత్తకండి. చాలామంది జవాబివ్వరు. ఇచ్చినవారు ఈ రోజు “అనుభవం తక్కువ” అని చెప్పి, రేపు విచారణలో “జట్టులో ఇమడలేరనిపించింది” అంటే, మారిన ఆ కారణమే మీ తరఫు సాక్ష్యమవుతుంది.

గడువు

ఫిర్యాదు తీసుకునే ఫెడరల్ సంస్థ సమాన ఉద్యోగ అవకాశాల కమిషన్, అంటే ఈఈఓసీ. వివక్ష జరిగిన రోజు నుంచి 180 రోజుల్లోగా అక్కడ ఫిర్యాదు దాఖలు కావాలి. జాతివివక్షపై సొంత చట్టం, దానిని అమలుచేసే సంస్థ ఉన్న రాష్ట్రంలోనైతే 300 రోజులు. మనవారు ఎక్కువగా ఉండే టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రాల్లో 300 రోజుల గడువు వర్తిస్తుంది. కానీ జార్జియాలో ప్రైవేటు కంపెనీల విషయంలో అటువంటి రాష్ట్ర సంస్థ లేనందున 180 రోజులే. అట్లాంటా చుట్టుపక్కల ఉన్నవారు ఈ సంఖ్యను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. శని, ఆదివారాలు, సెలవులు కూడా లెక్కలోకి వస్తాయి; చివరి రోజు సెలవైతే మాత్రం తరువాతి పనిదినం వరకు వీలుంటుంది. ఒక్కొక్క తిరస్కరణకు ఒక్కొక్క గడువు విడిగా నడుస్తుంది కాబట్టి, అదే కంపెనీలో మూడుసార్లు ప్రయత్నించినవారు మొదటి తేదీని మరిచిపోకూడదు. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు చేసినవారి దారి పూర్తిగా వేరు. వారు 45 రోజుల్లోపే ఆ శాఖలోని ఈఈఓ కౌన్సెలరును కలవాలి.

రాష్ట్ర సంస్థల గడువులు వేరు. టెక్సస్‌లో 180 రోజులు, కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాల్లో మూడేళ్లు. సెక్షన్ 1981 కింద నేరుగా కోర్టుకు వెళ్లే గడువు నియామక కేసుల్లో రాష్ట్రాన్ని బట్టి మారవచ్చు కాబట్టి దానిని న్యాయవాదితోనే లెక్కవేయించుకోవాలి. కంపెనీ హెచ్.ఆర్. విభాగానికి రాసి జవాబు కోసం ఎదురుచూస్తున్నంతకాలం ఈ గడియారాలేవీ ఆగవు.

యజమాని దరఖాస్తులను, ఇంటర్వ్యూ నోట్సులను మామూలుగా ఏడాదిపాటు భద్రపరచాలి. ఫిర్యాదు దాఖలైన తరువాత అది తేలేవరకూ వాటిని చెరపకూడదు. త్వరగా ఫిర్యాదు చేయడానికి గడువు కంటే బలమైన కారణం నిజానికి ఇదే.

ఫిర్యాదు రాయడం

ఈఈఓసీ పోర్టల్‌లో ముందుగా విచారణ కోసం వివరాలు ఇవ్వాలి, తరువాత ఒక అధికారి మీతో మాట్లాడతారు, ఆ పిదప ఫిర్యాదు పత్రం తయారవుతుంది, దానిపై మీరు సంతకం చేయాలి. పోర్టల్‌లో వివరాలు నింపినంత మాత్రాన ఫిర్యాదు దాఖలైనట్టు కాదన్నది గమనించండి. రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. ఆన్‌లైన్‌లో కుదరనివారు 1-800-669-4000కు ఫోన్ చేయవచ్చు.

జరిగినది రాసే పేరానే ఫిర్యాదుకు ప్రాణం. “నేను భారతీయుడిని కావడం వల్లే ఉద్యోగం ఇవ్వలేదు, ఇంటర్వ్యూలో చాలా అవమానకరంగా ప్రవర్తించారు” అని రాస్తే అందులో పరిశీలించడానికి ఏమీ దొరకదు. అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: “ఫిబ్రవరి 3న డేటా ఇంజనీరు ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. ప్రకటన ఆరేళ్ల అనుభవం తప్పనిసరి అన్నది, నాకు ఎనిమిదేళ్లుంది. ఫిబ్రవరి 20న హైరింగ్ మేనేజరు, ఒక సీనియర్ ఇంజనీరు వీడియోలో ఇంటర్వ్యూ చేశారు. పది నిమిషాల తరువాత హైరింగ్ మేనేజరు, మా క్లయింట్లు తమలా కనిపించే వారితోనే సౌకర్యంగా ఉంటారు అన్నారు. మార్చి 2న అనుభవం చాలదంటూ తిరస్కరించారు. మార్చి 9న అదే ప్రకటన తిరిగి వచ్చింది. ఏప్రిల్‌లో ఆ ఉద్యోగంలో చేరిన తెల్లజాతి వ్యక్తికి లింక్డిన్ ప్రకారం నాలుగేళ్ల అనుభవం ఉంది.” ఇందులో విశేషణం ఒక్కటీ లేదు; చదివిన అధికారికి మాత్రం ఏ కాగితం తెప్పించుకోవాలో వెంటనే తెలుస్తుంది.

పత్రంలో జాతి, వర్ణం, మూలదేశం అన్న గడులు విడివిడిగా ఉంటాయి. భారతీయుల విషయంలో ఈ మూడూ తరచుగా పెనవేసుకుని ఉంటాయి కాబట్టి, వాస్తవాలకు సరిపోయేవన్నీ గుర్తించాలి. మూలదేశం ఒక్కటే గుర్తించి వదిలేస్తే, తరువాత కోర్టులో జాతి పేరెత్తినప్పుడు అవతలి న్యాయవాది ముందుగా లేవనెత్తే అభ్యంతరం అదే అవుతుంది.

ఆ తరువాత

ఫిర్యాదు అందిన పది రోజుల్లో కంపెనీకి నోటీసు వెళుతుంది. కొన్ని కేసుల్లో ముందుగా మధ్యవర్తిత్వానికి రమ్మంటారు. అది ఉచితం, ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే జరుగుతుంది. దానిని చిన్నచూపు చూడవద్దు. సాక్ష్యం ఓ మోస్తరుగా ఉన్న కేసుల్లో విచారణ కంటే అక్కడే గౌరవప్రదమైన ఫలితం త్వరగా దొరుకుతుంది. విచారణ మొదలైతే నెలలు పడుతుంది. కంపెనీ తన వాదనను లిఖితంగా ఇచ్చాక ఆ ప్రతిని మీరు అడిగి తీసుకోవచ్చు. అందులో చెప్పిన కారణాన్ని రిక్రూటరు మీకు రాసిన కారణంతో పోల్చి, తేడాలుంటే వెంటనే జవాబు దాఖలు చేయాలి.

కమిషన్ తప్పు జరిగిందని తేల్చకుండానే ఫైలు మూసి, దావా వేసుకునే హక్కు మీకుందని లేఖ ఇవ్వడం సర్వసాధారణం. దానిని ఓటమిగా భావించనక్కరలేదు కానీ, ఆ లేఖ అందిన 90 రోజుల్లోపు కోర్టులో దావా వేయాలి. ఆ లేఖ పోర్టల్‌లోనే వచ్చి కూర్చుంటుంది కాబట్టి ఈమెయిలు నోటిఫికేషన్లను స్పాములో పడనివ్వకండి. న్యాయవాది కోసం వెతకడం ఆ లేఖ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే. ఫిర్యాదు వేసేటప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి. గెలిస్తే ఫీజును అవతలిపక్షం నుంచి రాబట్టే వీలు చట్టంలో ఉన్నందున, గెలుపును బట్టి ఫీజు తీసుకునే న్యాయవాదులు దొరుకుతారు.

ఎంత రావచ్చన్నది కూడా ముందే తెలిసి ఉండాలి. కోల్పోయిన జీతానికి పరిమితి లేదు. మానసిక వేదనకు, శిక్షగా విధించే మొత్తానికి కలిపి టైటిల్ సెవెన్ కింద కంపెనీ పరిమాణాన్ని బట్టి 50,000 డాలర్ల నుంచి 3,00,000 డాలర్ల వరకు గరిష్ఠ పరిమితి ఉంది. 3,00,000 డాలర్ల పరిమితి 500 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీలకే. సెక్షన్ 1981లో ఆ పరిమితి లేదు. కోల్పోయిన జీతం లెక్కకట్టేటప్పుడు మధ్యలో మీరు సంపాదించినది తీసివేస్తారు, సంపాదించే ప్రయత్నమే చేయకపోతే దానినీ మీకు వ్యతిరేకంగా చూస్తారు. అందువల్ల కేసు నడుస్తున్నంతకాలం ఏ తేదీన ఎక్కడ దరఖాస్తు చేశారు, ఏ జవాబు వచ్చింది అన్నది ఒక చిన్న స్ప్రెడ్‌షీటులో రాస్తూ పోండి. కొత్త ఇంటర్వ్యూల్లో ఈ ఫిర్యాదు గురించి మీరుగా చెప్పవలసిన అవసరం లేదు. ఎలాగో తెలుసుకుని, ఫిర్యాదు చేసిన మనిషి అన్న కారణంతో మరొక కంపెనీ మిమ్మల్ని కాదంటే అది ప్రతీకార చర్య కిందికి వచ్చే కొత్త ఉల్లంఘన. దాని గడువు ఆ రోజు నుంచి మళ్లీ లెక్కించాలి.